మొఘల్-ఎ-ఆజం: మాటలకు నిఘంటువు కావాలి, పాటలకు అక్కర్లేదు

అక్బరు కొడుకు సలీం, దర్బారులో బానిస అనార్కలి, వాళ్ళ ప్రేమకథ చెప్పే పాత హిందీ సినిమా ‘మొఘల్-ఎ-ఆజం’. మొన్న సంక్రాంతి సెలవుల్లో దాన్ని మూడోసారి చూశాను. మొదటిసారి 1986లో, అద్దె వీసీపీ (వీడియో క్యాసెట్ ప్లేయర్) మీద, అది కూడా సగమే. రెండోసారి 2004లో హైదరాబాద్‌లో ఒక థియేటర్లో, మొత్తం రంగుల్లో. ఈసారి మా ఇంట్లో, పాత నలుపు-తెలుపు డీవీడీలో, పక్కన బీటెక్ చదివే మనవడితో. మూడుసార్లూ మూడు వేరే సినిమాలు చూసినట్టుంది. వీటిలో ఏది చూస్తే మంచిదో చెబుదామని ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి. గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో హిందీ పండిట్‌గా 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు మధ్యమ నుంచి ప్రవీణ దాకా అన్నీ రాసి పాసయ్యాను. అంత హిందీ వచ్చిన నాకు ఈ సినిమాలో మాటలు సగానికి సగం అర్థం కాలేదు. సిగ్గుపడాల్సిన విషయమే, కానీ అసలు కథంతా అక్కడే ఉంది.

1986లో మా ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ. మా వారు వీసీపీ, క్యాసెట్లు ఒక రాత్రికి అద్దెకి తెచ్చారు. చుట్టుపక్కల వాళ్ళు పాతికమంది చాపలు వేసుకుని కూర్చున్నారు. సినిమా మొదలవుతూనే భారతదేశం పటం లేచి నిలబడి, నేను హిందూస్తాన్‌ని అంటూ మాట్లాడుతుంది. అక్కడిదాకా బాగానే అర్థమైంది. ఆ తర్వాత అక్బరు వేషంలో పృథ్వీరాజ్ కపూర్ నోరు విప్పాడు. అంతే, పాతికమందీ నావైపు తిరిగారు, “ఏమంటున్నాడు టీచర్ గారూ?” అని. నాకు తెలిస్తేగా! ‘తఖ్లియా’ అంటాడు, చుట్టూ ఉన్నవాళ్ళంతా వెళ్ళిపోతారు. నా దగ్గరున్న హిందీ-తెలుగు నిఘంటువులో ఆ మాటే లేదు. మర్నాడు మా ఊరి టైలర్ సాయిబు గారిని అడిగాను. ఆయన మిషన్ తొక్కడం ఆపి, “అంటే, మీరందరూ బయటికి దయచేయండి, నేను ఒంటరిగా ఉండాలి అనమ్మా. ఒక్క మాటలో అంతా అయిపోతుంది” అన్నారు. పాదుషాలకు మాటల పొదుపు బాగా ఉన్నట్టుంది అనుకున్నాను.

ఇంతకీ రెండో క్యాసెట్ పెడితే ఏదో ఫైటింగ్ సినిమా వచ్చింది. కొట్టతను మార్చి ఇచ్చాడు. పొద్దున్నే వెళ్ళి అడిగితే, “అది కూడా హిందీ సినిమానే కదమ్మా” అన్నాడు. అలా శీష్ మహల్ (అద్దాల మహలు) పాట అయిపోయి, అనార్కలిని సైనికులు లాక్కెళ్ళే చోట నా సినిమా 18 ఏళ్ళపాటు ఆగిపోయింది. నేనేమీ బెంగపడలేదు. అనార్కలి అంటే చివరికి గోడ కట్టడమేగా, అందరికీ తెలిసిన కథే. స్కూల్లో పిల్లలు అడిగితే అలాగే చెప్పేదాన్ని.

మాటలు అర్థంకాని ఆ రాత్రి పాతికమందీ లేచి వెళ్ళిపోకుండా కూర్చోబెట్టింది పాటలే. దీనికి సంగీతం నౌషాద్, పాటలు షకీల్ బదాయూనీ. మాటలు రాసింది మాత్రం నలుగురు: అమానుల్లా ఖాన్, వజాహత్ మీర్జా, కమాల్ అమ్రోహీ, ఎహ్సాన్ రిజ్వీ. ఆ నలుగురూ కలిసి ఫారసీ, అరబ్బీ దట్టించి దర్బారు కట్టారు. మన తెనాలి వైపు రాయబారం పద్యాలు వింటాం చూడండి, అలాంటి వ్యవహారం. పద్యంలో ప్రతి మాటకీ అర్థం అడిగితే సగంమంది తెల్లమొహం వేస్తారు, అయినా రాగం తీసి నిలబెట్టగానే వన్స్ మోర్ అంటారు. పృథ్వీరాజ్ కపూర్ అక్బరు కూడా అంతే. ఆ గొంతులో గర్జన వినాలి, అర్థం తర్వాత చూసుకోవచ్చు. మన 1955 ‘అనార్కలి’లో అక్బరుగా ఎస్వీ రంగారావు చేశారు. ఆయన కోపంలో ఒక తండ్రి కనిపిస్తాడు. పృథ్వీరాజ్‌లో ముందు సింహాసనమే కనిపిస్తుంది, తండ్రి దాని వెనక ఎక్కడో నక్కి ఉంటాడు.

ఆ బరువు మాటల మధ్య పాట మొదలవగానే భాష తేలికైపోతుంది. కృష్ణాష్టమి పాట వ్రజ భాషలో ఉంటుంది, రేవు దగ్గర కన్నయ్య ఆటపట్టించాడంటూ. మన పల్లెలో ఏ పిల్ల పాడినా నప్పే పాట. అందరూ ఎరిగిన ఆ శీష్ మహల్ పాట పల్లవి, ‘ప్యార్ కియా తో డర్నా క్యా’, ఆరో తరగతి పిల్లాడికి కూడా అర్థమవుతుంది. ప్రేమించాక భయమేంటి, అంతేగా! ఇది యాదృచ్ఛికం కాదని నాకు పాఠం చెప్పేటప్పుడు తట్టింది. అనార్కలి ఒక కనీజ్, అంటే బానిస. దర్బారు భాష ఆమెది కాదు, పాదుషా ముందు వాదించే హక్కు అసలే లేదు. ఆమెకు ఇచ్చిన పని పాడటం, ఆడటం. అందుకని చెప్పాల్సిందంతా పాటలోనే, అందరికీ తెలిసిన భాషలో చెప్పేస్తుంది. దర్బారు ఉర్దూ ఇప్పుడు నిఘంటువుల్లో కూడా దొరకడం కష్టం. ఆమె పాట మాత్రం హిందీ రానివాళ్ళ నోట్లో కూడా ఆడుతోంది. 1960 ఆగస్టు 5న బొంబాయి మరాఠా మందిర్‌లో విడుదలైన సినిమా ఇన్నేళ్ళ తర్వాత కూడా మా వీధిలో తెలిసి ఉందంటే నాకు తెలిసిన కారణం ఇదే.

పాఠం అన్నాను కదా, అది చెప్పి తీరాలి. హిందీ నేర్చుకునే తెలుగు పిల్లలకు రెండు గండాలు. ఒకటి లింగం. బల్లకీ కుర్చీకీ ఆడామగా ఏంటో వాళ్ళకు అర్థం కాదు. రెండోది ‘నే’ ప్రత్యయం. భూతకాలంలో సకర్మక క్రియ వస్తే కర్తకు ‘నే’ చేరుతుంది, అప్పుడు క్రియ కర్తను వదిలేసి కర్మ లింగాన్ని బట్టి మారుతుంది. ఎన్నిసార్లు చెప్పినా పిల్లల బుర్రకెక్కదు. అప్పట్లో హిందీలో 20 మార్కులొస్తే పాస్ కాబట్టి ఎక్కించుకోవాలన్న ఆత్రమూ వాళ్ళకు ఉండేది కాదు. ఒకరోజు విసుగొచ్చి బోర్డు మీద ఈ పాటలో లైను రాశాను: ‘ప్యార్ కియా, కోయీ చోరీ నహీం కీ’. ప్రేమించాను, దొంగతనమేమీ చేయలేదు. చేసింది ఒకే మనిషి. అయినా మొదట ‘కియా’, తర్వాత ‘కీ’. ఎందుకు? ‘ప్యార్’ పుల్లింగం, ‘చోరీ’ స్త్రీలింగం. క్లాసంతా ఒక్క నిమిషం నిశ్శబ్దం. వెనక బెంచీలోంచి ఒకడు, “అంటే చేసింది ఎవరన్నది కాదు, ఏం చేశారన్నది లెక్క కదా మేడం” అన్నాడు. 31 ఏళ్ళలో ‘నే’ ప్రత్యయాన్ని అంత బాగా చెప్పినవాళ్ళు ఇంకొకరు లేరు.

ఆ రోజు హెడ్మాస్టర్ గారు పిలిచి, “ఏమండీ, తొమ్మిదో తరగతిలో ప్రేమ పాఠాలు మొదలుపెట్టారట?” అని అడిగారనుకోండి, అది వేరే సంగతి. వ్యాకరణం అని చెప్తే నమ్మలేదు.

సరే, రెండో విడత. 2004 నవంబరులో సినిమా మొత్తానికి రంగులు అద్ది మళ్ళీ విడుదల చేశారు. మా అబ్బాయి హైదరాబాద్‌లో టికెట్లు తీశాడు. ఆ హాల్లో ఏసీ గంటకే మొరాయించింది, ఖవ్వాలీ పాట దగ్గర ఎడమ పక్క స్పీకరు గరగరలాడింది. అవన్నీ పక్కన పెట్టినా నాకు ఏదో వెలితి. రంగులు బాగానే ఉన్నాయి, నగలు మెరుస్తున్నాయి, కానీ మొహాలు పాత క్యాలెండర్ బొమ్మల్లా ఒకే గులాబీ పూతతో ఉన్నాయి. ఏమి తక్కువైందో అప్పుడు పట్టుకోలేకపోయాను. ముగింపు చూసే ఆత్రంలో ఉన్నాను కదా.

తక్కువైంది ఏంటో మొన్న సంక్రాంతికి తెలిసింది.

మా వాడు ముందు తన ఫోన్లోంచి రంగులదే టీవీలో పెట్టబోయాడు. నేను వద్దని, బీరువాలోంచి నలుపు-తెలుపు డీవీడీ తీశాను. “నానమ్మా, కలర్ ఉండగా ఇదెందుకు?” అని సణిగాడు. చూసింది కూడా సగం కన్నుతోనే. ఒక కన్ను సినిమా మీద, ఒకటి ఫోన్ మీద. రెండు గంటలకు దగ్గర పడుతుండగా శీష్ మహల్ వచ్చింది. అక్బరు సింహాసనం మీద కూర్చున్నాడు. యువరాజు మీద నాకు ప్రేమ లేదని నిండు సభలో ఒప్పుకో అని ఆమెకు ముందే ఆజ్ఞ అయింది. అప్పటిదాకా బూడిద రంగులో ఉన్న తెర ఒక్కసారిగా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అయిపోయింది. మా వాడు ఫోన్ పక్కన పడేసి, “టీవీకి ఏమైంది?” అన్నాడు.

ఏమీ కాలేదు. 1960లో ప్రేక్షకులు చూసింది ఇదే. సినిమా నలుపు-తెలుపులోనే తీసి, ఈ పాటనూ చివర్లో కొన్ని రీళ్ళనూ మాత్రం దర్శకుడు కె. ఆసిఫ్ టెక్నికలర్‌లో తీశాడు. నాకు ఈ విషయం చదివి తెలుసు, కళ్ళతో చూడటం మాత్రం అదే మొదలు. 1986లో మా టీవీకి రంగులు లేవు. 2004లో అంతా రంగే. రెండుసార్లూ ఆ మార్పు నాకు దక్కలేదు. బానిస పిల్ల నోరు విప్పిన చోట రంగు రావాలి, అంతకుముందు రాకూడదు. మొత్తం రంగులు పూసేస్తే ఇంక ఆమె పాటకు ప్రత్యేకం ఏముంటుంది, చీర మార్చుకున్నట్టుంటుంది తప్ప.

ఆ పాటలో ఒక చోట చూడండి. ఆమె తిరుగుతూ ఉంటే పైకప్పులో అతికించిన అద్దం ముక్కల్లో ప్రతి దాంట్లోనూ ఒక్కో అనార్కలి తిరుగుతుంది. అక్బరు తలెత్తి చూస్తాడు. ఎక్కడ చూసినా ఆమే. ఒక మనిషిని లాక్కెళ్ళి జైల్లో వేయొచ్చు, అద్దాల్లో ఉన్న అంతమందిని ఏం చేస్తాడు? పృథ్వీరాజ్ మొహం అక్కడ ఒక్క మాట కూడా లేకుండా ఎర్రబడుతుంది. ఆ ఎరుపు కనపడటానికైనా రంగు కావాల్సిందే. ఆ సెట్టు కట్టడానికే రెండేళ్ళు పట్టిందంటారు. అద్దాలు బెల్జియం నుంచి తెప్పించారు. లైట్లు వేస్తే అద్దాల్లోంచి వెలుగు తిరిగి కెమెరా మీదే కొట్టేదట. ఛాయాగ్రాహకుడు ఆర్.డి. మాథుర్ వెలుగును నేరుగా వేయకుండా గుడ్డల మీద పడేసి, అక్కణ్ణించి మళ్ళించి తీశాడని చెబుతారు. ఇక ఆ గొంతు గుమ్మటంలోంచి వచ్చినట్టు మోగుతుంది కదా, అప్పట్లో ఆ ఎఫెక్టుకు మెషిన్లు లేక నౌషాద్ లతా మంగేష్కర్‌ని బాత్రూంలో నిలబెట్టి పాడించారని ప్రసిద్ధి. అంత వైభవమూ ఒక స్నానాలగదిలో పుట్టిందన్నమాట.

మిగతా పాటల గురించి క్లుప్తంగా చెబుతాను, ఒకటి తప్ప. ఆ ఒకటి ఖవ్వాలీ. లతా ఒక పక్క, షంషాద్ బేగం ఒక పక్క. తెర మీద అనార్కలిగా మధుబాల, ఆమెకు పోటీగా బహార్ వేషంలో నిగార్ సుల్తానా. ఈ నిగార్ సుల్తానా మన హైదరాబాద్ అమ్మాయి. యువరాజు న్యాయనిర్ణేత. పోటీ అయ్యాక బహార్‌కు గులాబీ ఇస్తాడు, అనార్కలికి ముల్లు మిగులుస్తాడు. దానికి ఆమె జవాబు, ముల్లుకి వాడిపోతానన్న భయం ఉండదు కదా అని. షంషాద్ గొంతు గంటలా ఖంగుమంటుంది, లత గొంతు దారంలా సాగుతుంది. ఎవరు గెలిచారో తేల్చుకోలేక మా వాడు ఆ పాట రెండుసార్లు పెట్టాడు. నా ఓటు షంషాద్ బేగంకే.

తాన్‌సేన్ పాట పక్కన వినిపిస్తుంటే సలీం ఒక తెల్లటి ఈకతో అనార్కలి బుగ్గ నిమిరే సన్నివేశం ఉంది. పాడింది బడే గులాం అలీ ఖాన్. సినిమాల్లో పాడటం ఇష్టంలేక, వీళ్ళను వదిలించుకుందామని పాటకు 25 వేలు అడిగారట. ఆసిఫ్ సరే అనేశాడట. పెద్ద పెద్ద గాయకులకే పాటకు వందల్లో ఇచ్చే రోజులు అవి. రాగం సోహనీ, మన హంసానందికి దగ్గరి చుట్టం. సలీంగా చేసిన దిలీప్ కుమార్, మధుబాల అప్పటికి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదని అందరికీ తెలిసిన సంగతే. ఆ ఈక దగ్గర మాత్రం అది ఎక్కడా కనపడదు. జైలు పాటల్లో మధుబాలకు వేసిన గొలుసులు నిజమైన ఇనప గొలుసులు. ఆమెకు గుండె జబ్బు. అది తెలిసి చూస్తే ఆ పాటలు ప్రశాంతంగా వినలేం. 1969లో, 36 ఏళ్ళకే పోయింది. చివర్లో శిల్పి పాడే పాటకు వందమంది కోరస్‌తో రఫీ గొంతు చించుకున్నాడు. నాకది కాస్త ఎక్కువే అనిపిస్తుంది. అదే రఫీ తర్వాత ఎన్టీఆర్ తీసిన ‘అక్బర్ సలీం అనార్కలి’లో బాలకృష్ణకు తెలుగులో పాడాడు. ‘సిపాయీ సిపాయీ’ అంటూ ఆ తెలుగు ఉచ్చారణ ముద్దుగా ఉంటుంది. రెండు సినిమాలకూ రఫీయే చుట్టం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. యుద్ధం సాగుతుంది, సాగుతూనే ఉంటుంది. అక్కడ టీ పెట్టుకోవచ్చు, మేము పెట్టుకున్నాం. దిలీప్ కుమార్ సలీం ఎప్పుడూ అలిగినట్టే ఉంటాడు. మన నాగేశ్వరరావు సలీంలో ఉన్న మురిపెం ఇతనిలో నాకు దొరకలేదు. పెద్ద నటుడే, కాదనను, కానీ ఇందులో తండ్రి పక్కన నిలబడితే కొంచెం కొయ్యబారినట్టుంటాడు. అసలు నిడివి 197 నిమిషాలు, కాబట్టి రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టకండి. నా డీవీడీలో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ అధ్వానం. పాదుషా నాలుగు లైన్లు మాట్లాడితే కింద నాలుగు మాటలు పడతాయి. ‘జిల్లే ఇలాహీ’ని ఒకచోట వదిలేశారు, ఒకచోట ‘సర్’ అన్నారు. దేవుడి నీడ అని బిరుదున్న మనిషిని సర్ అంటే ఎలా! ఇంట్లో ఉర్దూ తెలిసినవాళ్ళు ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. మా టైలర్ సాయిబు గారు ఇప్పుడు లేరు, ఉంటే తప్పకుండా పిలిచేదాన్ని.

కాబట్టి నా సలహా: రంగులది చూసి ఉంటే అది లెక్కలోకి రాదు. నలుపు-తెలుపుది సంపాదించి, శీష్ మహల్ దాకా ఓపిక పట్టండి. పక్కన ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టుకుని, రంగు వస్తుందని వాడికి ముందే చెప్పకండి.

ముగింపు తెలియనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. గోడ కడతారు. కానీ అక్బరు ఎప్పుడో ఆమె తల్లికి ఇచ్చిన మాట ఒకటుంది. దానికి కట్టుబడి సొరంగంలోంచి తల్లీకూతుళ్ళను రహస్యంగా పంపించేస్తాడు. 2004లో ఆ హాల్లో, ఏసీ లేక చెమటలు కక్కుతూ, నేను నోరు తెరుచుకుని చూశాను. ఈసారి మా వాడు అదే చోట లేచి కూర్చున్నాడు.

“మరి సలీంకి ఎవరు చెప్తారు?”

“ఎవరూ చెప్పరు. అదే షరతు.”

“అన్యాయం నానమ్మా” అని మళ్ళీ ఖవ్వాలీ దగ్గరికి తిప్పాడు.

నాకు మాత్రం ఇంకో బాకీ గుర్తొచ్చింది. 1986 నుంచి 2004 దాకా నా దగ్గర హిందీ చదువుకున్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ఒక సవరణ రాసుకోండి: ఈ సినిమాలో అనార్కలి చనిపోదు. ‘నే’ ప్రత్యయం గురించి చెప్పిందంతా మాత్రం కరెక్టే.